జవాబు వెనక ఇరుసులో ఉంది

పాత ఫోర్‌వీల్ లారీకి ఏ ట్రాన్స్‌ఫర్ కేసు వేస్తే మంచిదని అడిగేవాళ్ళు ముందుగా బలం సంగతి ఎత్తుతారు. ఏది గట్టిది, ఏది తొందరగా అరగదు, ఏది ఎంత బరువు లాగుతుంది అని. నేను వాళ్ళని బండి వెనక్కి తీసుకెళ్ళి వంగి చూడమంటాను. ఇరుసు మీద గుండ్రంగా ఉబ్బి ఉండే డిఫరెన్షియల్ సరిగ్గా నడుమ ఉందా, కుడిపక్కకి జరిగి ఉందా? ఈ మధ్య మా షెడ్డుకి వచ్చిన మహీంద్రా ఎఫ్‌సీ-150 లారీలో అది కుడిపక్కనే ఉంది. అంటే ఆ బండికి ఏ పెట్టె సరిపోతుందో 1940లోనే అమెరికాలో తేలిపోయింది. మనం ఎంచుకోవడానికి మిగిలింది చాలా తక్కువ.

మాది నర్సీపట్నం. లంబసింగి మీదుగా చింతపల్లి ఎక్కే బళ్ళన్నీ మా ఊరు దాటే పోవాలి. ఆ రోడ్డుకే ఒక చరిత్ర ఉంది. వందేళ్ళ కిందట గూడెం డిప్యూటీ తహసీల్దారుగా ఉన్న బాస్టియన్ మన్యం జనానికి సరైన కూలి ఇవ్వకుండా అడవి రోడ్ల పని చేయించాడు. 1922లో అల్లూరి సీతారామరాజు వెనక జనం కదలడానికి ఆ పని మీద మండిన కడుపులు కూడా ఒక కారణం. అలా పడిన దారుల్లోనే తర్వాత జీపులు తిరిగాయి. ఇప్పుడు తారు వేసి ఉన్నా, తోటల్లోకి తిరిగే అడ్డదారులు మాత్రం వాన పడితే ఎర్రమట్టి బురదే.

లారీ తెచ్చిన కుర్రాడికి చింతపల్లి అవతల కాఫీ, మిరియాల తోట ఉంది. బండి వాళ్ళ తాతగారిది. “బాబాయ్, ఈ పాత పెట్టె ఒకటే రొద. అమెరికా నుంచి డానా తెప్పించమంటావా? లేకపోతే ఏదైనా కొత్త బండిలోంచి చైన్ పెట్టె తీసి పెట్టేద్దామా?” అన్నాడు. రెండూ తీసిపారేయాల్సిన మాటలేమీ కావు. జవాబు చెప్పాలంటే మాత్రం ఈ పెట్టె ఎక్కడ పుట్టిందో, ఏ అవసరానికి ఏ రూపు దిద్దుకుందో చెప్పాలి. అతనికి చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ట్రాన్స్‌ఫర్ కేసు చేసే పనులు రెండు. గేరుబాక్సు నుంచి వచ్చిన శక్తిని ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ పంచడం ఒకటి. అవసరమైనప్పుడు వేగం తగ్గించి లాగుడు పెంచడం రెండోది. మొదటి పని చూడ్డానికి సులువుగా ఉంటుంది గానీ చిక్కంతా అందులోనే ఉంది. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనక చక్రాలకన్నా ఎక్కువ దూరం పోతాయి. ఒకే కాడికి కట్టిన ఎద్దులు మలుపులో వెలపలిది ఎక్కువ నడవాల్సి వచ్చి గుంజుకున్నట్టే ఆ రెండు ఇరుసులూ గుంజుకుంటాయి. బురదలో చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. పొడి తారు మీద జారదు. టైరైనా అరగాలి, గేరు పన్నైనా విరగాలి.

ఈ చిక్కుకి తొలినాళ్ళలోనే మందు కనిపెట్టినవాళ్ళున్నారు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని క్లింటన్‌విల్ అనే చిన్న ఊళ్ళో ఒట్టో జాకో, విలియం బెసర్డిచ్ అనే బావా బావమరుదులు 1908లో నాలుగు చక్రాలకీ శక్తి అందే కారు చేశారు. ముందుకీ వెనక్కీ మధ్య, రెండు ఇరుసులూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే ఇంకో డిఫరెన్షియల్ పెట్టి, బురదలో దాన్ని బిగించేసే ఏర్పాటు చేశారు. వాళ్ళు పెట్టిన ఎఫ్‌డబ్ల్యూడీ కంపెనీ మూడు టన్నుల మోడల్ బి లారీలు మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్, అమెరికన్ సైన్యాలకి వేలకొద్దీ వెళ్ళాయి. బెసర్డిచ్ తర్వాత బయటికొచ్చి 1917లో ఆష్‌కాష్ లారీల కంపెనీకి మూలపురుషుడయ్యాడు. వాళ్ళ లారీలు గట్టివే. కాకపోతే బరువు, ఖరీదు, ఎత్తు అన్నీ ఎక్కువే. సైన్యానికో పెద్ద కంట్రాక్టరుకో తప్ప అందేవి కావు.

1940 నాటికి అమెరికా సైన్యానికి కావలసింది దీనికి పూర్తిగా ఎదురు. చిన్నది, పొట్టిది, నలుగురు సైనికులు ఎత్తి అవతల పెట్టగలిగినంత తేలికది కావాలి. తర్వాత జీపు అయింది ఇదే. బండి బరువు 1,300 పౌన్లు, అంటే 590 కిలోలు దాటకూడదన్నారు. అది ఎవరి వల్లా కాలేదు. 135 కంపెనీలకి కబురు పంపితే గడువులో చేస్తానని ఒప్పుకున్నది పెన్సిల్వేనియాలోని బట్లర్ ఊరి బాంటమ్ అనే చితికిపోయిన కంపెనీ. వాళ్ళు పిలిపించుకున్న ఇంజనీరు కార్ల్ ప్రాబ్‌స్ట్ కొద్ది రోజుల్లోనే నక్షలు గీశాడు. 49 రోజుల గడువుకి సరిపోయేలా మొదటి బండి 1940 సెప్టెంబరు 23న బాల్టిమోర్ దగ్గరి హోలాబర్డ్ సైనిక కేంద్రానికి చేరింది.

అంత తొందరలో నాలుగు చక్రాల సరంజామా కొత్తగా ఎవరు చేసిస్తారు? టొలీడోలోని స్పైసర్ కంపెనీ. 1903లో యూనివర్సల్ జాయింటుకి పేటెంటు పొందిన క్లారెన్స్ స్పైసర్ పెట్టిన సంస్థ అది. చార్లెస్ డానా చేతికి వచ్చాక 1946లో డానా కార్పొరేషన్ అని పేరు మార్చుకుంది. అందుకే ఒకే ఇంటి పెట్టెలకి పాతవాటికి స్పైసర్ అనీ కొత్తవాటికి డానా అనీ పేర్లు. జీపుకి వాళ్ళిచ్చిన పెట్టే స్పైసర్ 18.

దీని లోపల మధ్య డిఫరెన్షియల్ లేదు. బరువూ ఖర్చూ తగ్గాలి కదా. ముందు ఇరుసుని కలపడానికీ విడదీయడానికీ ఒక లీవరు, మామూలు వేగపు హై, లాగుడు పెంచే లో మార్చడానికి ఇంకో లీవరు. తారు మీద ముందు ఇరుసు విడదీసుకోమన్నారు, అంతే. గేరుబాక్సు నుంచి వచ్చిన శక్తి పెట్టెలోకి దిగి, మధ్య గేరు మీదుగా పక్కకి, కిందకి జరుగుతుంది. అక్కడ ఒకే వరుసలో ముందుకొక షాఫ్టు, వెనక్కొక షాఫ్టు. ముందుకి పోయేది ఇంజను ఆయిల్ తొట్టి పక్కనుంచి దూరిపోవాలి. అందుకే ఆ వరుసని కుడిపక్కకి జరిపారు. షాఫ్టు ఎటుంటే డిఫరెన్షియల్ అటుండాలి కాబట్టి రెండు ఇరుసుల్లోనూ అది కుడికి జరిగింది. మన దేశంలో స్టీరింగ్ కుడివైపుకి వచ్చాక కూడా డిఫరెన్షియల్ మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది.

ఈ అమరిక వల్ల ఇంకొకటి జరిగింది. హైలో పోతున్నా శక్తి నేరుగా వెనక్కి పోదు. ఎప్పుడూ ఆ పక్క గేర్ల మీదుగానే పోవాలి. జీపు పాట అని మనం గుర్తుపట్టే ఆ సన్నటి ఊళ అక్కడిదే. కుర్రాడు రోగమనుకుంది దాని పుట్టుగొంతు. అయితే ఊళ వేరు, గరగర వేరు. గరగర వస్తే మధ్య గేరు తిరిగే షాఫ్టుని చూడాలి. యుద్ధకాలపు పెట్టెల్లో ఆ షాఫ్టు ముప్పావు అంగుళం. యుద్ధం అయ్యాక అంగుళం ఒక నూలుకి, 1950లలో అంగుళం పావుకి పెంచారు. ఎందుకు పెంచారో దాని మీద పడే బరువే చెబుతుంది. పాత పెట్టె కొనేవాళ్ళు పైన రంగు చూడకుండా ఈ ఒక్క షాఫ్టు కొలిస్తే సగం సంగతి తెలిసిపోతుంది. మిగతా సగం ఆయిలు. గేరుబాక్సులో నైంటీ నంబరు ఆయిల్ తగ్గుతూ ట్రాన్స్‌ఫర్ కేసులో పెరుగుతుంటే రెండింటి మధ్య కారుతోందని అర్థం.

స్పైసర్ 18లో నాకు నచ్చిన తెలివి ఇంకొకటుంది. ముందు ఇరుసు కలపకుండా లో గేరు పడనివ్వదు. లో గేరు లాగుడంతా ఒక్క వెనక ఇరుసు మీద పడితే అది విరుగుతుందని లోపల అడ్డు పెట్టారు. ఆ అడ్డు తీయించుకుని రోడ్డు మీద ఒక్క వెనక చక్రాలతో లో వాడుకున్నవాళ్ళు తర్వాత ఇరుసులు మోసుకుంటూ నా దగ్గరికే వచ్చారు.

బాంటమ్ తొలి బండి చేసినా, తర్వాత జీపుల తయారీ ప్రధానంగా విల్లీస్, ఫోర్డ్ కంపెనీలకి పోయింది. యుద్ధం అయ్యేసరికి అవి రెండూ కలిసి 6 లక్షలకు పైగా జీపులు చేశాయి. యుద్ధం ముగిసింది, ఇక ఎవరు కొనాలి? రైతులు కొంటారని విల్లీస్ 1945లో సీజే-2ఏ అనే పౌర జీపు తెచ్చింది. యుద్ధపు జీపులో లో గేరు నిష్పత్తి 1.97 ఉంటే, పౌర జీపుల్లో దాన్ని దాదాపు 2.46కి పెంచారు. ఇరుసు నిష్పత్తి 4.88 నుంచి 5.38కి పోయింది. యుద్ధపు జీపులో మొదటి గేరు, లో, ఇరుసు కలిపి గుణిస్తే దగ్గర దగ్గర 26 వస్తుంది. పౌర జీపులో 37. అంటే ఇంజను 37 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు. ఇంజను వెయ్యి చుట్ల మీద ఉంటే బండి మనిషి నడక వేగంతో కదులుతుంది. సైనికుడికి అంత నిదానం అక్కర్లేదు, నాగలి కట్టినవాడికి కావాలి. పెట్టె వెనక పలక తీస్తే, ఇంజను శక్తితో వేరే యంత్రాన్ని నడిపే పీటీవో బిగించుకునే చోటు కూడా ఉంది. యుద్ధంలో పుట్టిన పెట్టె పొలానికి పనికొచ్చింది అలాగే. డాడ్జ్‌ది కూడా దాదాపు ఇదే దారి. సైన్యం వాడిన ముప్పావు టన్ను లారీలో లో గేరే లేదు. 1946లో అమ్మకానికి పెట్టిన పవర్ వాగన్‌లో రెండు వేగాల పెట్టె వేశారు.

ఇక మన దేశానికి వద్దాం. 1945లో మహీంద్రా అండ్ మొహమ్మద్ అన్న పేరుతో మొదలైన కంపెనీ 1947లో విల్లీస్ జీపుల విడిభాగాలు తెప్పించింది. భాగస్వామి గులాం మొహమ్మద్ పాకిస్తాన్‌కి వెళ్ళి అక్కడ మొదటి ఆర్థికమంత్రి అయ్యారు. కంపెనీ పేరు 1948లో మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. 1949లో బొంబాయి మజగావ్‌లో జీపుల కూర్పు మొదలైంది. సరిగ్గా ఆ రోజుల్లోనే జీపుల కుంభకోణం. లండన్‌లో హైకమిషనర్‌గా ఉన్న కృష్ణ మీనన్ మన సైన్యం కోసం బాగుచేసిన పాత జీపులకి ఒప్పందం చేసుకుంటే, మద్రాసు రేవుకి వచ్చింది 155 బళ్ళు. అవీ పనికిరానివని తేలింది. స్వతంత్ర భారతదేశపు తొలి కుంభకోణంగా దాన్ని అందరూ చెప్పుకుంటారు. నాబోటివాడికి అది వేరే పాఠం. బాగుచేశాం అని రాసిచ్చిన కాగితానికీ, విప్పి కొలిచిన షాఫ్టుకీ తేడా అక్కడుంది.

మా తరానికి జీపంటే సమితి జీపు. ఆంధ్రప్రదేశ్‌లో 1959లో పంచాయతీ సమితులు వచ్చాయి. బీడీవో గారి జీపు ఊళ్ళోకొస్తే పిల్లలం వెంటపడేవాళ్ళం. సమితుల స్థానంలో 1980ల నడుమ మండలాలు వచ్చాయి. పాత బళ్ళు మెల్లగా వేలాలకి వెళ్ళాయి. నేను పని నేర్చుకున్నది అలాంటి వేలం బళ్ళ మీదే.

ఎఫ్‌సీ-150 పుట్టుక కూడా చిత్రమే. అమెరికాలో 1956 చివర్లో విల్లీస్ దీన్ని బయటపెట్టింది. రూపం గీసింది బ్రూక్స్ స్టీవెన్స్. సీజే-5 చట్రం మీదే, 81 అంగుళాల వీల్‌బేస్‌తోనే, డ్రైవరుని ఇంజను మీద కూర్చోబెట్టి, వెనక మిగిలిన చోటంతా సామానుకి ఇచ్చారు. ముక్కు లేని లారీ. వాళ్ళ దేశంలో పదేళ్ళు కూడా నిలవలేదు. మహీంద్రా 1965లో పెట్రోలు ఎఫ్‌సీ-150 తెచ్చాక ఇక్కడ లారీలుగా, వ్యాన్లుగా చాలాకాలం తిరిగింది. పైన ఎంత మార్చినా అడుగున ఉన్నది జీపే, అదే కుడిపక్క వరుస.

అమెరికావాళ్ళు మాత్రం ఆ వరుస దగ్గర ఆగలేదు. జనం ఫోర్‌వీల్ బండిలో పెళ్ళాం పిల్లలతో హైవే ఎక్కడం మొదలెట్టారు. ఊళ వినపడకూడదు, తారు మీద వేగం కావాలి. 1963 మోడల్ జీప్ వాగనీర్‌తో వచ్చిన డానా 20లో హై వేస్తే శక్తి నేరుగా వెనక్కి పోతుంది. పక్క గేర్లు మోయక్కర్లేదు కాబట్టి నిశ్శబ్దం. అందుకోసం వెనక షాఫ్టు నడుమకి వచ్చింది, దానితోపాటు డిఫరెన్షియల్ కూడా. 1972 మోడల్‌తో సీజే జీపులకీ ఇదే వచ్చింది. కానీ ఆ సీజేల్లో లో నిష్పత్తి 2.03కి తగ్గింది. 1980లో డానా 300 వచ్చింది, లో 2.62. పళ్ళ గేర్లతో నడిచే మంచి ఇనుప పెట్టె, అమెరికా జీపు వాళ్ళు ఇప్పటికీ మోజుపడేది. 1986తో అదీ అయిపోయింది. ఈలోగా ఇంధనం ధర పెరిగి బరువు తగ్గించాల్సి వచ్చింది. అల్యూమినియం తొడుగు, లోపల చైను ఉన్న న్యూప్రాసెస్ 208 లాంటి పెట్టెలు 1980 నుంచి పెద్ద లారీల్లోకి వచ్చేశాయి. ఒక్కో పెట్టె వెనకా ఒక్కో కాలపు అవసరం ఉంది. మొదటిది యుద్ధానిదీ పొలానిదీ, రెండోది హైవేది, మూడోది పెట్రోలు బంకుది.

మన దగ్గరా పెట్రోలు బంకే నడిపించింది, ఇంకో రకంగా. 1973 తర్వాత పెట్రోలు జీపు పోషించడం కష్టమైంది. డీజిల్ ఇంజన్లు దింపించుకున్నారు. సర్వీసు జీపులవాళ్ళకి మనుషులెక్కాలి, ఆయిలు మిగలాలి. ముందు షాఫ్టు విప్పేయించి, కొందరైతే పెట్టె కూడా తీయించి తుక్కు కింద కిలోల లెక్కన అమ్మేశారు. అందుకే ఇవాళ మంచి స్పైసర్ 18 కావాలంటే చెన్నై పుదుపేట, ఢిల్లీ మాయాపురి, హర్యానాలో జీపులు కట్టే మండీ డబ్వాలీ దాకా కబురు పంపాలి. విజయవాడ ఆటోనగర్‌లో దొరికేది తొడుగే, లోపలి గేర్లు అదృష్టం.

ఇంత తెలిశాక కుర్రాడి లారీ లెక్క వేయడం కష్టం కాదు. డానా 20 వేస్తే మొదటి గేరు లోలో 37 కాస్తా 30కి దిగుతుంది. లంబసింగి ఘాటు దిగేటప్పుడు బ్రేకులు కాలకుండా బండిని పట్టి ఉంచేది ఆ లో గేరే. దాన్ని పోగొట్టుకోవడానికి డబ్బు ఖర్చు పెట్టడమెందుకు? డానా 300 వేస్తే 39 దాకా పోవచ్చు. అయితే అడాప్టర్ ప్లేటు చేయించాలి, వెనక ఇరుసు మొత్తం నడుమ డిఫరెన్షియల్ ఉన్నదానికి మార్చాలి. పెట్టె వెనక్కి ఎంత పొడుగైతే 81 అంగుళాల బండిలో వెనక ప్రొపెల్లర్ షాఫ్టు అంత పొట్టిదైపోతుంది. బరువుకి స్ప్రింగులు దిగినప్పుడల్లా జాయింటు వంపు పెరిగి దానిలోని క్రాసులు పోతాయి. కొత్త బండి చైన్ పెట్టెకీ ఇదే లెక్క, పైగా దానికి తగ్గ లీవర్లు ఆ క్యాబిన్‌లోకి వంచుకు రావాలి. హైవే మీద వంద కిలోమీటర్ల వేగంతో పోయే బండైతే ఇవన్నీ చేయమనే వాణ్ణి. ఈ లారీ తోట నుంచి చింతపల్లికీ, సంతకీ తిరుగుతుంది.

పాత పెట్టె విప్పి చూశాం. మధ్య షాఫ్టు అంగుళం పావుదే, మంచి రకం. షాఫ్టు మీద సూది బేరింగుల చారలు పడ్డాయి, మధ్య గేరు పళ్ళు బాగున్నాయి. షాఫ్టు, బేరింగులు, థ్రస్ట్ వాషర్లు, ఆయిల్ సీళ్ళు, అంతే పని. లీవర్ల మధ్య అడ్డు ఎప్పుడో ఎవరో తీసేశారు, అది మళ్ళీ పెట్టించాను. ఊళ ఉంటుందని ముందే చెప్పాను. “ఉండనీ బాబాయ్, తాత కూడా దాంతోనే తిరిగాడు,” అన్నాడు.

అప్పుడు పెట్టె వెనక పలక చూపించాను. డానా 20కి అక్కడ వెనక షాఫ్టు అడ్డొస్తుంది కాబట్టి ఆ చోటే ఉండదు. ఇందులో ఉంది. ట్రాన్స్‌ఫర్ కేసుని న్యూట్రల్‌లో ఉంచి గేరు వేస్తే బండి కదలకుండా అక్కడి నుంచి శక్తి తీసుకోవచ్చు. కాఫీ పండ్ల తోలు తీసే పల్పర్‌కి అతను వేరే డీజిల్ ఇంజను కొనాలనుకుంటున్నాడు. అది మానుకొమ్మన్నాను. 1945లో అమెరికా రైతు కోసం పెట్టిన చోటు చింతపల్లి తోటకి బాగానే పనికొస్తుంది. ఇక కావలసింది లోడు పడ్డా ఇంజను వేగం నిలకడగా ఉంచే గవర్నర్ ఒకటి. పుదుపేటలో ఉందన్నారు. నవంబరులో పండ్లు కోతకి వచ్చేలోగా తెప్పించి, ఇంజనుకి కుదురుతుందో లేదో చూడాలి.